వినబడుతోంది, ఎవరు ఎవర్నో తెలియట్లేదు

ప్రశ్న: పక్షవాతం వచ్చినాక మా నాయనకు 'అన్నం తిన్నావా' అంటే అర్థమవుతోంది. 'రాజును రవి కొట్టినాడు' అంటే మాత్రం కొట్టింది రాజే అంటాడు. చెవుడేమో?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: చెవుడు అనిపించడం లేదమ్మా. అన్నం మనిషిని తినదు కాబట్టి మొదటి మాట అర్థాన్నిబట్టే తేలిపోతుంది. రాజు, రవి ఇద్దరూ మనుషులే. అక్కడ ఆధారం 'ను' ఒక్కటే. ఆ చిన్న ప్రత్యయాన్ని పట్టుకుని, చివర క్రియ వచ్చేదాకా రాజును మనసులో నిలిపి ఉంచుకోవాలి. ఈ పనిలో ఎక్కువమందికి మెదడు ఎడమవైపున నుదుటి వెనకుండే బ్రోకా ప్రాంతం, కణత భాగం కలిసి పాలుపంచుకుంటాయి. వాటికి దెబ్బ తగిలితే చాలామంది ముందొచ్చిన పేరునే కర్తగా తీసుకుంటారు.

'రవి రాజును కొట్టినాడు' అని కర్తను ముందుంచి, వాక్యానికి ఒక్క పనే చెప్పండి. గొంతు పెంచితే 'ను' తేటపడదు, నిదానిస్తే పడుతుంది. వినికిడి పరీక్ష ఒకసారి చేయించి, స్పీచ్ థెరపిస్టుకు తప్పక చూపించండి.