నలభయ్యో కీర్తన గడప దాకా వెళ్లి వెనక్కొచ్చేశావు

చిరంజీవి తమ్ముడికి,

ఐర్లండు రాక్ బ్యాండు యూటూ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కచేరీ చివర్లో, బైబిల్లోని నలభయ్యో కీర్తన మీద కట్టిన '40' పాటకి, లారీ ముల్లెన్ ఒక్కడే డ్రమ్స్ దగ్గర మిగిలిపోయే ఘట్టం బాగా రాశావు. అంత కన్ను ఉన్నవాడివి మూడో పేజీలో ఈ వాక్యం ఎలా రాయగలిగావు? "బోనో పాటల సంచి పోవడం దైవసంకల్పం. అందువల్లే అక్టోబర్ ఆల్బమ్ ఒక ప్రార్థనగా మారింది." ఈ ఉత్తరం రాయించింది ఆ రెండు ముక్కలే.

దైవసంకల్పమో కాదో తేల్చడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. తేల్చగలిగినవి మాత్రం నీ చేతిలోనే ఉన్నాయి, వాటిని వదిలేశావు. 1981 మార్చిలో, అమెరికా పర్యటనలో ఉండగా, ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లండ్‌లో బ్యాండు గాయకుడు బోనో బ్రీఫ్‌కేసు పోయింది. రాబోయే అక్టోబర్ ఆల్బమ్‌కి రాసిపెట్టుకున్న మాటలు అందులో ఉన్నాయి. కొద్ది నెలలకే డబ్లిన్‌లోని విండ్‌మిల్ లేన్ స్టూడియోలో రికార్డింగు. వాద్యాలు సిద్ధం, గడువు దగ్గర పడింది, మాటల్లేవు. మైకు ముందు నిలబడి అప్పటికప్పుడు పుట్టించాలి. అలాంటప్పుడు ఎవరికైనా రోజూ నోట్లో నానేవే పైకొస్తాయి. ఆ రోజుల్లో బోనో, గిటారు వాయించే ఎడ్జ్, లారీ ముగ్గురూ షాలోమ్ అనే ప్రార్థన సహవాసానికి వెళ్లేవాళ్లు. బైబిలు చదవడం, కలిసి మోకరించడం వాళ్ల దినచర్య. దానికి తోడు మేనేజర్ పాల్ మెగిన్నిస్ దగ్గర్నుంచి వచ్చిన గ్రెగోరియన్ గానాల (కేథలిక్ చర్చిలో లాటిన్‌లో పాడే పాత ప్రార్థన గానాల) రికార్డొకటి బోనో వింటున్నాడు. ఆ ఆల్బమ్‌లోని 'గ్లోరియా' పాటలోకి లాటిన్ వచ్చిన దారి అది. ఆ పాట ఎత్తుగడ మళ్లీ విను. పాడబోతే పాట రావడం లేదు, లేవబోతే కాళ్లు నిలవడం లేదు అని మొదలవుతుంది. మాటలు పోగొట్టుకున్నవాడి అవస్థే పాటకి వస్తువైంది, ఆ అవస్థలో అతను దేవుడి వైపు తిరిగాడు. విశ్వాసం ఎక్కడ పట్టుకుందో, ఎలా పనిచేసిందో పాఠకుడికి చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? 'దైవసంకల్పం' అన్న మాట వేసి దీన్నంతా కప్పెట్టేశావు. ఆ బ్రీఫ్‌కేసు 2004లో మళ్లీ అతని చేతికొచ్చింది, ఆ సంగతీ నీ వ్యాసంలో లేదు.

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. పాట వెనుక ఏం జరిగిందని తవ్వే ముందు, పాటలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోవాలి. పాట కాగితం మీద రాసుకుని ప్రతి 'నేను' కిందా ఒక గీత, ప్రతి 'నువ్వు' కిందా రెండు గీతలు గియ్యి. ఆ 'నువ్వు' ఎక్కడ మారితే అక్కడ ఆగు. భక్తి పాటలో అసలు సంగతంతా ఆ మలుపు దగ్గరే ఉంటుంది.

అదే ఆల్బమ్‌లోని 'టుమారో' పాటనే తీసుకో. ఐర్లండులో మోచేత్తో తిత్తి నొక్కి వాయించే ఇల్లియన్ పైపులతో మొదలవుతుంది. ఇంటి బయట రోడ్డు పక్కన నల్ల కారు ఆగి ఉంది. ఎవరో తలుపు తడుతున్నారు. వెళ్లొద్దు, తియ్యొద్దు అంటోంది పాడే గొంతు. ఇది తన తల్లి అంత్యక్రియల రోజని బోనో చాలా తర్వాత గుర్తుపట్టాడు. నువ్వు ఆ మాట చెప్పి, 'హృదయవిదారకం' అని పక్క పాటకి వెళ్లిపోయావు. అసలు పాట అక్కడే మొదలైంది తమ్ముడూ! రేపు తిరిగొస్తావా అని తల్లిని అడుగుతున్న గొంతు చివరికొచ్చేసరికి దేవుని గొర్రెపిల్లకు, అంటే క్రీస్తుకు, తలుపు తియ్యండని మనందరినీ పిలుస్తోంది. తియ్యొద్దన్న తలుపే తియ్యమంటున్నాడు. "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను" అనే ప్రకటన గ్రంథం 3:20 నువ్వు సండే స్కూల్లో కంఠతా పట్టే ఉంటావు. చావు వచ్చి తట్టిన తలుపునే క్రీస్తు తడుతున్నాడని నమ్మడానికి ఆ పిల్లవాడు ఎంత భయం దాటాలో, దాని మీద ఒక పేజీ రాయొచ్చు. నువ్వు ఒక్క విశేషణం రాశావు.

తర్వాత తేదీలు. "తల్లి పోయిన దుఃఖంలో బోనో 'ఐ విల్ ఫాలో' రాశాడు" అన్నావు. తల్లి ఐరిస్ 1974 సెప్టెంబరులో, తన తండ్రి అంత్యక్రియల దగ్గరే కుప్పకూలి, కొద్ది రోజులకే పోయింది. అప్పుడు కొడుక్కి 14 ఏళ్లు. పాట బయటికొచ్చింది 1980లో. మధ్యలో ఆరేళ్లున్నాయి. ఆ ఆరేళ్లలోనే, 1976లో, మౌంట్ టెంపుల్ స్కూలు నోటీసు బోర్డులో లారీ పెట్టిన కాగితంతో బ్యాండు పుట్టింది. ఆ మధ్యలోనే లారీ తల్లి కూడా రోడ్డు ప్రమాదంలో పోయింది. తల్లిలేని పిల్లలు ఇద్దరు ఒకే గదిలో వాయించుకుంటున్నారన్నది నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఈ తప్పు రాకుండా ఒక తెల్లకాగితం మీద ఐదు గళ్లు గీసుకో. సంగతి జరిగిన సంవత్సరం, పాట రాసింది, రికార్డు చేసింది, విడుదలైంది, దాని గురించి పాడినవాడు నోరు విప్పింది. ఐదో గడి చాలామంది వదిలేస్తారు. 'ఐ విల్ ఫాలో' బిడ్డ మీద తల్లికుండే షరతుల్లేని ప్రేమ గురించి అని బోనో చెప్పాడు. తల్లి వెంట సమాధిలోకి కూడా వెళ్తాననే పిల్లవాడి మాట అనీ చెప్పాడు. మొదటి మాటలో వెంట వస్తున్నది తల్లి, రెండో మాటలో కొడుకు. రెండూ రాయాలి, ఒకదాన్ని దాచకూడదు. 2014లో అదే తల్లిని పేరు పెట్టి పిలుస్తూ 'ఐరిస్' అని ఇంకో పాట పాడాడు. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి విను.

"నలుగురు క్రైస్తవ యువకులు" అని శీర్షిక కిందే రాశావు. బాస్ వాయించే ఆడమ్ క్లేటన్ ఆ షాలోమ్ సహవాసంలో లేడు. ముగ్గురు ఒక పక్క, ఒక్కడు ఇంకో పక్క అన్నది ఆ తొలి రోజుల బ్యాండులో నిజమైన ఇబ్బంది. ఇక "క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బోనో" అంటే ఐర్లండులో ఏమీ చెప్పినట్టు కాదు. తండ్రి కేథలిక్, తల్లి చర్చ్ ఆఫ్ ఐర్లండ్ ప్రొటెస్టెంట్. ఆ దేశంలో ఆ రెంటి మధ్య నెత్తురు పారింది. ఇంట్లోనే సరిహద్దు ఉన్న పిల్లవాడు ఏ సంఘం పేరూ పెట్టుకోని సహవాసం వైపు ఎందుకు వెళ్లాడో ఇందులోనే జవాబుంది.

ఆ సహవాసమే తర్వాత వాళ్లని నలిపింది. రాక్ సంగీతమూ దేవుడి సేవా ఒకచోట కుదరవని అక్కడ కొందరన్నారు. ఎడ్జ్ బ్యాండు వదిలేయడానికి సిద్ధపడ్డాడు. ఆ సందేహంలోంచి తేరుకుంటున్న 1982లో, బోనో పెళ్లి చేసుకుని జమైకా వెళ్లినప్పుడు, ఎడ్జ్ ఒంటరిగా కూర్చుని మొదలుపెట్టిందే 'సండే బ్లడీ సండే'. నువ్వు దీన్ని "రాజకీయ గీతం, మన విషయానికి సంబంధం లేదు" అని తీసిపారేశావు. 1972 జనవరి 30న, ఒక ఆదివారం, ఉత్తర ఐర్లండులోని డెరీలో బ్రిటిష్ సైనికులు ఊరేగింపు మీద కాల్పులు జరిపితే ఆ రోజే 13 మంది చనిపోయారు. పాట ఆ ఆదివారంతో మొదలై, యేసు గెలిచిన గెలుపు దగ్గర, అంటే ఈస్టరు ఆదివారం దగ్గర ముగుస్తుంది. సంబంధం లేదని ఎలా అన్నావు?

నీకు ఈ అలవాటు ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన భక్తి పత్రికల సంపాదకులకి సాక్ష్యం కావాలి. పాపిగా ఉన్నాడు, కష్టం వచ్చింది, ప్రభువు దొరికాడు, పాట పుట్టింది అని మూడు పేజీల్లో తెగ్గొట్టాలి. సందేహం అన్న మాట కనబడితే కొట్టేస్తారు. సాహిత్యం పేజీల సంపాదకులకేమో యేసు పేరు కనిపిస్తే ఇబ్బంది, దాన్ని 'ఆధ్యాత్మికత' అని మార్చి అచ్చేస్తారు. ఇద్దరూ కలిసి ఈ రకం రచనని ఎదగనివ్వలేదు. ఇప్పుడు కొత్తగా 'పాట వెనుక కన్నీటి కథ' అనే శీర్షికల సంత ఒకటి. నువ్వు ఈ ముగ్గురిలో ఎవరి కోసమూ రాయకు.

ఇక నలభయ్యో కీర్తన. 1983లో వచ్చిన వార్ ఆల్బమ్‌లో ఆఖరి పాట '40'. స్టూడియో ఖాళీ చేయాల్సిన సమయం ముంచుకొచ్చింది, ఆడమ్ ఇంటికెళ్లిపోయాడు, బాస్ కూడా ఎడ్జే వాయించాడు, బైబిలు తీసి చకచకా ముగించారు. ఇదంతా రాశావు, సంతోషం. కానీ కీర్తన తెరిచి పాట పక్కన పెట్టుకున్నావా? కీర్తనలో 17 వచనాలున్నాయి. పాట తీసుకున్నది మొదటి మూడే. "సహనముతో కనిపెట్టుకొంటిని", ఊబిలోంచి పైకెత్తాడు, పాదాలు బండ మీద నిలిపాడు, నోట కొత్త పాట ఉంచాడు. ఇక్కడితో ఆపితే అంతా జయగీతమే. కీర్తనకారుడు అక్కడ ఆగలేదు. 12వ వచనానికొచ్చేసరికి లెక్కలేని అపాయాలు మళ్లీ చుట్టుముట్టాయి. సహనంతో మొదలైన కీర్తన "ఆలస్యము చేయకుము" అన్న మాటతో ముగుస్తుంది.

ఆ రెండో సగం పాటలో లేదు కదా అంటావు. ఉంది. ఎన్నాళ్లు ఈ పాట పాడాలి అని జనం పాడుకుంటూ ఇళ్లకి వెళ్లే ఆ పల్లవి నలభయ్యో కీర్తనలోది కాదు. "ఎంతవరకు" అని అడిగే ఆరో కీర్తనలోది. రక్షించావు అని చెప్పిన నోటితోనే ఇంకా ఎన్నాళ్లు అని అడగడం ఆ కీర్తన మొత్తం నడక. మూడు వచనాలూ ఒక ప్రశ్నా కలిపి దాన్ని నాలుగు నిమిషాల లోపు పట్టుకున్నారు. ఇంకో సంగతి. అదే ఆల్బమ్‌లో మొదటి పాట 'సండే బ్లడీ సండే'లోనూ ఎన్నాళ్లు పాడాలనే ప్రశ్నే ఉంది. అక్కడ అది శవాలు పడిన వీధిలో నిలబడి అడిగినట్టు ఉంటుంది. ఆఖరి పాటలో దేవుడి ముందు నిలబడి అడుగుతున్నాడు. అడిగేవాడూ ప్రశ్నా మారలేదు, వినేవాడు మారాడు. నువ్వు లారీ డ్రమ్స్ గురించి అంత చక్కగా రాసి, జనం ఏం పాడుతున్నారో వినలేదు.

మూడో పేజీ మొత్తం తీసేసి 'గ్లోరియా'తో తిరగరాయి. 'సండే బ్లడీ సండే', '40' ఒకే అధ్యాయంలో పెట్టు. పాటల పంక్తులు ఉన్నవున్నట్టు దించకు, హక్కుల చిక్కు ఉంటుంది. ఒకటి రెండు మాటలు చాలు, మిగతాది నీ మాటల్లో చెప్పు. బైబిలు వచనాలు మాత్రం అక్షరం తప్పకుండా, అధ్యాయం, వచనం సంఖ్యలతో ఇవ్వు. బోనో అన్న ప్రతి మాట పక్కనా ఏ సంవత్సరంలో అన్నాడో రాయి, సంవత్సరం దొరకని మాట వాడకు. 1987 నాటి పాట మీద, సిలువని నమ్మానంటూనే వెతికేది ఇంకా దొరకలేదన్న ఆ పాట మీద నువ్వు మొదలుపెట్టిన భాగం ఇప్పుడే ముట్టుకోకు. ముందు '40' కుదరనీ.

ఆశీస్సులతో,
మీ అన్న