కోట గుమ్మం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి తమ్ముడికి,

గ్రీసులోని స్కియాథోస్ దీవిలో పాడుబడిన కోట ఊరు కాస్ట్రో మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీలు తీసెయ్. విమానం, హోటలు, కాఫీ ఎవరు వెళ్లినా ఉండేవే. వ్యాసం కోట గుమ్మం దగ్గర మొదలవ్వాలి.

అక్కడ తలెత్తి చూడమని నీకెవరూ చెప్పినట్టు లేదు. ద్వారం మీద 'జెమటిస్ట్రా' ఉంటుంది: చొరబడే వాళ్ల నెత్తిన సలసల కాగే నీళ్లో నూనో పోసే కంత. దాని ముందు ఒకప్పుడు ఎత్తి దించే చెక్క వంతెన. మిగతా మూడు వైపులా సముద్రంలోకి నిటారుగా దిగిన బండ. ఈ అమరికను నాలుగు వాక్యాల్లో కుదురుగా చెప్పు. సముద్రపు దొంగలంటే జనానికి ఎంత హడలో వేరే చెప్పక్కర్లేదు. 'రాళ్లు నాతో మాట్లాడాయి' అన్న వాక్యమైతే అసలే అక్కర్లేదు.

గోల్కొండతో పోలిక కూడా కొట్టెయ్. అది రాజుల కోట, ఇది ఊరు ఊరంతా తలదాచుకున్న చోటు. 14వ శతాబ్దం నుంచి 1829-30 దాకా జనం ఆ బండ మీదే ఇరుకు ఇళ్లలో బతికారు. గ్రీసు స్వతంత్రమయ్యాక భయం తీరి, దక్షిణాన రేవు దగ్గరికి దిగిపోయారు.

ఇళ్లు కూలి చర్చిలు ఎందుకు నిలిచాయో నువ్వు అడగలేదు. కప్పు పోయిన గోడ పైనుంచి నానుతుంది, రాళ్ల మధ్య సున్నం కొట్టుకుపోతుంది, ఆపైన ఒక్కో వరసా జారుతుంది. పూజలు ఆగని చర్చికి మాత్రం జనం కప్పు బాగుచేస్తూ వచ్చారు. 17వ శతాబ్దపు క్రీస్తు జనన చర్చిని అలా చూడు. మసీదు శిథిలాన్ని ఎందుకు వదిలేశావు? 1538లో ఒట్టోమన్ తుర్కుల నౌకాధిపతి బార్బరోస్సా ఈ కోటను పట్టుకున్నాడు, తర్వాత ఆ తుర్కుల ఏలుబడి. 'లోపల మనవాళ్లు, బయట శత్రువులు' అన్న నీ కథ ఆ మసీదు గోడ దగ్గర ఆగిపోతుంది. ఆగిపోనీ.

మళ్లీ వెళతానన్నావు కదా, పడవ మీదే ఆధారపడకు. జూలై, ఆగస్టుల్లో ఉత్తరపు గాలి మెల్టెమి లేస్తే కోట కింది ఒడ్డుకు పడవ చేరదు. రోడ్డున వెళితే చివర కాలిబాట. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, ఎండలో తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పొద్దున్నే బయల్దేరు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు. అరిగిన రాతి మెట్ల మీద చెప్పులు జారతాయి. విడి గోడలకు ఆనుకోవద్దు, అంచుల దగ్గర ఫోటోల కోసం వెనక్కి నడవొద్దు.

టేపు పట్టుకెళ్లు. ఒక గది పొడవు, వెడల్పు, గోడ మందం కొలిచి అక్కడికక్కడే రాసుకో. 'చిన్న గది' అని రాస్తే ఒక్కొక్కరూ ఒక్కో సైజు ఊహించుకుంటారు. వాన నీళ్లు ఏ తొట్టెల్లో పట్టేవారో వెతుకు. ముట్టడిలో పడిన ఊరికి తిండికన్నా ముందు అదే ప్రశ్న, నీ వ్యాసంలో నీళ్ల ఊసే లేదు. అది రాశాకే రెండో ప్రతి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య