ఇటుక ఎక్కడ కోశారో ముందు అడుగు

పర్లాకిమిడి

అమ్మాయీ, ఆశీస్సులు.

గుణుపురంలో ఉద్యోగంలో చేరగానే బడి గదుల పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఆ గోడలకి వాడే ఇటుకల్లో పిల్లల చాకిరీ లేకుండా ఎలా చూసుకోవాలని నువ్వు అడిగిన మాట నాకు చాలా నచ్చింది. మన పిల్లల బడి కోసం కొన్న ఇటుక ఇంకెవరి పిల్లనో బడికి దూరం చెయ్యకూడదు. ఈ సంగతి బిల్లు పాస్ చేసేటప్పుడు గుర్తొస్తే లాభం లేదు. టెండరు కాగితం రాసేటప్పుడే పట్టుకోవాలి.

మన కాగితం కాంట్రాక్టరు దగ్గర ఆగిపోతుంది, చిక్కంతా అక్కడే. ఆయన వెనక ఇటుకల వ్యాపారి, ఆ వెనక బట్టీ యజమాని, యజమాని వెనక కూలీల్ని కుదిర్చి తెచ్చే సర్దార్, ఆఖర్న అడ్వాన్సు తీసుకున్న కుటుంబం. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి దాదన్ పనికి, అంటే అడ్వాన్సు తీసుకుని వలస పనికి, వచ్చేవాళ్లకి నువాఖాయి అనే కొత్త బియ్యం పండగ వెళ్లాక సర్దార్ డబ్బు చేతిలో పెడతాడు. వరికోతలు అయ్యాక వాళ్లు బయల్దేరతారు. మళ్లీ వానలు పడేలోగా ఆ అప్పు ఇటుకల లెక్కలో తీరాలి. కూలి రోజుకింత అని ఉండదు, వెయ్యి ఇటుకలకి ఇంత అని ఉంటుంది. ఖాతా మగవాడి పేరు మీదే. పక్కనే మట్టి తొక్కే భార్య పేరే పుస్తకంలో ఉండదు, ఇక ఎనిమిదేళ్ల పిల్ల పేరు ఎందుకుంటుంది? పచ్చి ఇటుకని ఎండకి తిప్పిపెట్టే పని ఆ పిల్లదే. ఒళ్లు తేలిక కాబట్టి ఆరీ ఆరని వరసల మీద నడిచినా ఇటుక చెడదని పిల్లల్నే దింపుతారు.

"కాంట్రాక్టరు మనుషుల సంగతి మనకెందుకు" అని నీ పైవాళ్లు ఎవరైనా అంటే, 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏషియాడ్ కార్మికుల తీర్పు చూపించు. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టిన కట్టడాల కేసు అది. పని కాంట్రాక్టరుకి అప్పగించినంత మాత్రాన ప్రభుత్వం బాధ్యత తప్పించుకోలేదని, కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం కింద నిర్బంధ శ్రమేనని, కట్టడం పనిలో 14 ఏళ్ల లోపు పిల్లల్ని పెట్టడం 24వ అధికరణానికి విరుద్ధమని అందులో ఉంది. అమెరికా ప్రభుత్వం కూడా ఈ జాగ్రత్త తన కొనుగోళ్లలో పెట్టుకుంది. 1999లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం నిర్బంధ బాలకార్మికుల చేత చేయించినట్టు అనుమానమున్న సరుకుల జాబితా ఒకటి ఉంటుంది. ఆ సరుకు అమ్మేవాడు తను విచారించానని రాసి ఇవ్వాలి. అబద్ధమని తేలితే మూడేళ్ల దాకా ప్రభుత్వ కాంట్రాక్టులకి దూరం. ఆ జాబితాలో మన దేశపు ఇటుకలు, రాళ్లు, హైబ్రిడ్ పత్తి విత్తనాలు ఉన్నాయి. ఊరికే రాసి ఇస్తే చాలని కాదు, విచారించానని రాయాలి. ఆ తేడా పట్టుకో. మన దగ్గర వంద రూపాయల స్టాంపు కాగితం మీద "మా వద్ద బాలకార్మికులు లేరు" అని రాయించి ఫైల్లో పెట్టేస్తారు. దాని వల్ల ఒక్క పిల్ల కూడా బట్టీ నుంచి బయటికి రాదు.

విచారణ లెక్కతో మొదలుపెట్టు. 19, 9, 9 సెంటీమీటర్ల ఇటుకైతే ఘనమీటరు గోడకి 500 పడతాయి. 40 ఘనమీటర్లంటే 20,000. భార్యాభర్తలిద్దరే కోస్తే రోజుకి వెయ్యి చుట్టూ వస్తాయి. మట్టిని బట్టి మారుతుంది కాబట్టి ఆ బట్టీలోనే ఒక పూట నిలబడి లెక్కపెట్టుకో. యజమాని ఈ సీజన్‌లో 10 లక్షలు తీశానంటాడు, పుస్తకంలో ఆరు జంటలే ఉంటాయి. వంద పని రోజులు వేసుకున్నా ఆరు లక్షలే. మిగతా నాలుగు లక్షలు ఎవరు కోశారు? పుస్తకంలో లేని కుటుంబాలా, పిల్లలా, లేక వేరే బట్టీ సరుకా? ఏదైనా సరే, జవాబు రాతపూర్వకంగా తీసుకో.

ఇంకో లెక్క దీనికంటే ముఖ్యం. వెయ్యి ఇటుకలకి ఇచ్చే కూలిని ఇద్దరికీ పంచి చూడు. ఒక్కొక్కరికి వచ్చేది ఆ రోజు అమల్లో ఉన్న కనీస వేతనం కన్నా తక్కువైతే, పిల్లల్ని పనిలో దింపకుండా ఆ ఇంట్లో అప్పు తీరదు. రేటు ఆ స్థాయిలో ఉంటే పిల్లలు నీ కంటపడకపోయినా ఉన్నారనే అనుకో. అందుకే టెండరులో మరీ తక్కువకి కోట్ చేసినవాణ్ణి ఇటుక ధరలో కూలి భాగం ఎంతో విడిగా చూపించమనాలి. సిమెంటు, ఇనుము ధర ఎవరికీ తగ్గదమ్మా, తగ్గేది కూలే.

టెండరు షరతుల్లో ఇవి ఉండేలా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారిని ఒప్పించు. ఇటుక ఏ బట్టీదో, అది ఏ ఊళ్లో ఉందో, కూలీల్ని తెచ్చిన సర్దార్ ఎవరో ముందే చెప్పాలి. చెప్పకుండా బట్టీ మార్చకూడదు. ముందస్తు కబురు లేకుండా శాఖ మనిషి వెళ్లి చూడొచ్చు. భార్యకీ భర్తకీ వేరువేరుగా బ్యాంకు ఖాతాలో కూలి పడాలి. ఇచ్చిన అడ్వాన్సు, కూలిలోంచి పట్టుకున్న మొత్తం కుటుంబం దగ్గరుండే చిన్న పుస్తకంలో వాళ్లు చదవగలిగే భాషలో రాయాలి. లోడుతో పాటు బట్టీ చీటీ రావాలి, చీటీ లేని లోడు బిల్లుకి ఆధారమైన కొలతల పుస్తకంలో ఎక్కకూడదు. పని వయసు 18 అని రాయి. చట్టం 14 లోపు వాళ్లకి అన్ని పనులూ, 18 లోపు వాళ్లకి ప్రమాదకరమైన పనులూ నిషేధించింది. ఏది ప్రమాదకరం అన్న వాదన గేటు దగ్గర నీకొద్దు.

"సొంత అమ్మానాన్నలకే కదా సాయం చేస్తున్నారు" అని తప్పకుండా అంటారు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో ఆ మినహాయింపు సొంత కుటుంబ వృత్తికి, అదీ ప్రమాదం లేనిదానికి, బడి వేళ అయ్యాక లేదా సెలవుల్లో. యజమాని బట్టీ కూలివాడి సొంత వృత్తి కాదు.

చూడ్డానికి పదకొండు గంటలకి జీపులో వెళ్లకు. ఇటుక కోత తెల్లవారుజామున చీకట్లోనే మొదలై ఎండ ముదిరేసరికి ఆగిపోతుంది. ఆరు గంటలకి అక్కడుండాలి. ముందుగా ఆఫీసు గదిలోకి పోకుండా ఆరబెట్టిన వరసల దగ్గరికి వెళ్లు. పచ్చి ఇటుకల మీద చిన్న వేళ్ల గుర్తులు, వరసల మధ్య చిన్న పాదాల అడుగులు కనిపిస్తాయి. పిల్ల అరచేతులు చూడు. ఆడుకున్న చేతికి మట్టి అంటుతుంది, ఇటుకలు తిప్పిన చేతికి వేళ్ల కొసల్లో చర్మం అరిగి పగిలి ఉంటుంది. "మా తమ్ముడి గుంటడండి, సెలవులకొచ్చాడు" అంటే ఏ బడి, ఏ తరగతి, మాస్టారి పేరేంటి అని పిల్లవాణ్ణే మెల్లగా అడుగు. సర్దార్‌ని దుభాషీగా పెట్టుకోవద్దు. సంబల్‌పురి భాషో సవర భాషో వచ్చిన అంగన్‌వాడీ ఆవిడ ఎవరైనా తోడుంటే మేలు. వయసుకి ఆధార్ ఒక్కటే చూసి ఊరుకోకు. బడి రికార్డు, అది లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతే వైద్య పరీక్ష, బాలల న్యాయ చట్టం చెప్పే వరస ఇదే.

బట్టీలో పిల్లలు కనిపించడమే తప్పనుకోవద్దు. చంటిబిడ్డల్ని ఎక్కడ వదిలి వస్తారు? ఆవరణలో పిల్లలే ఉండకూడదని షరతు పెడితే, తనిఖీ నాడు వాళ్లని పొదల వెనక దాస్తారు. దగ్గర్లోని బడిలో, అంగన్‌వాడీలో చేర్చారా అని అడగడమే సరైన ప్రశ్న. వలస కుటుంబాల పిల్లల కోసం వాళ్ల సొంత జిల్లాల్లో ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది, పెద్ద పిల్లలకి ఆ దారి ఉందని తల్లిదండ్రులకి చెప్పు.

పనిలో ఉన్న పిల్ల కంటపడితే తొందరపడకు. చాలామంది మంచి మనసున్న ఆఫీసర్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. అక్కడే కేకలేసి ఆర్డరు రద్దంటే, ఆ రాత్రికే కుటుంబాన్ని లారీ ఎక్కించి పంపేస్తారు. కూలి పోతుంది, అప్పు మిగులుతుంది, పిల్ల ఇంకో బట్టీలో తేలుతుంది. చూసింది, టైమూ రాసుకుని మామూలుగా బయటికొచ్చెయ్. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, జిల్లా లేబర్ ఆఫీసరుకి, సబ్ కలెక్టరుగారికి చెప్పు. అడ్వాన్సుకి కట్టిపడేసి ఉంటే 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వర్తిస్తుంది. ఆ అప్పు చట్టం ముందు చెల్లదు. వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసింది కూడా అప్పిచ్చినవాడే. వెట్టి నుంచి విడిపించినట్టు ఇచ్చే విడుదల పత్రం చేతికి వచ్చేదాకా వెంటపడు. అది లేకపోతే 2016 పునరావాస పథకంలో పిల్లలకీ ఆడవాళ్లకీ ఉన్న రెండు లక్షల సాయం దగ్గర కాగితం ఆగిపోతుంది. 18 లోపు పిల్లని కట్టిపడేసి పనిచేయించుకున్నా, కూలి ఎగ్గొట్టినా బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది, అధికారులకి నువ్వు రాసే లేఖలో ఆ సెక్షన్ రాయి. పిల్ల ఫొటో మాత్రం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, ఆ పిల్ల ఎవరో బయటపెట్టడమే నేరం.

బట్టీవాడు కూలి బకాయి తీర్చి, పిల్లల్ని బడిలో పెట్టి, పెద్దవాళ్ల రేటు సరిచేస్తే సరుకు తీసుకో. దాచినా, బెదిరించినా బిల్లు ఆపి బ్లాక్‌లిస్టుకి రాయి. మొదటి తప్పుకే అందరినీ వెలివేస్తే నిజం చెప్పేవాడు మిగలడు.

కంకర దగ్గరా ఇదే కథ. క్రషర్ కంకరని రాసి, రోడ్డు పక్క సుత్తితో కొట్టించిన రాయి తోలతారు. ముక్కలు ఒక్క సైజులో లేకపోతే ఎక్కడ కొట్టారో అడుగు. మీ ఆఫీసు క్యాంటీన్లో గ్లాసులు కడిగే కుర్రాడి వయసు కూడా ఒకసారి కనుక్కో.

మన తప్పు ఒకటుంది, అది కూడా నువ్వే సరిచెయ్యాలి. ఏడాదంతా ఫైలు కదలదు. మార్చి నెలాఖరుకి నిధులు మురిగిపోతాయని పదిహేను రోజుల్లో లక్ష ఇటుక కావాలంటాం. అప్పుడు కొత్త కూలీలు ఎక్కడి నుంచి వస్తారు? ఉన్న కుటుంబాలే పిల్లల్ని దింపుతాయి. పైగా పని సాగుతుండగా ఇచ్చే రన్నింగ్ బిల్లు మూడు నెలలు ఆపితే కాంట్రాక్టరు బట్టీకి ఇవ్వడు, బట్టీవాడు ఇంటికి పోయేవేళ లెక్క తేల్చడు. బిల్లు నీ టేబుల్ మీద వారం దాటి ఉండకుండా చూసుకో.

సర్దార్లు అడ్వాన్సులు పంచకముందే ఈ షరతులు బట్టీలవాళ్లకి తెలియాలి, అప్పుడే రేటూ మనుషులూ దానికి తగ్గట్టు కుదుర్చుకుంటారు. అంటే నీ ముసాయిదా వినాయక చవితి లోపే తయారవ్వాలి. మరుసటి రోజే నువాఖాయి. రాసి నాకు పంపు, షరతుల భాష నేను చూస్తాను.

మీ పెదనాన్న