మట్టి లేని సాగుకు దిగబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

శంకర్‌పల్లి దగ్గర అర ఎకరంలో పాలీహౌస్ వేసి లెట్యూస్, కీరా పండించాలనుకుంటున్నానని, ఏ హైడ్రోపోనిక్ పద్ధతికి నీరు, ఎరువు తక్కువ పడతాయో చెప్పమని రాశావు. నీటి ఆదా గురించి కంపెనీల కరపత్రాల్లో రాసేది పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలోని అరిజోనా పరిస్థితులకు లెక్కగట్టి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కిలో లెట్యూస్‌కు పొలంలో సుమారు 250 లీటర్లు, హైడ్రోపోనిక్స్‌లో సుమారు 20 లీటర్లు పడతాయని తేలింది. అయితే అదే లెక్కలో కిలోకు పట్టే శక్తి మాత్రం 80 రెట్లకు పైగా ఉంది. ఈ రెండో అంకెను కరపత్రాలు వేయవు.

ఎన్‌ఎఫ్‌టీ (న్యూట్రియంట్ ఫిల్మ్ టెక్నిక్) అనే పద్ధతిలో పోషక ద్రావణం గొట్టాల్లో పలుచని పొరలా పారి తిరిగి ట్యాంకుకు చేరుతుంది కనుక వృథా బహు స్వల్పం. కానీ వేర్ల దగ్గర ద్రావణం నిలవ ఉండదు. ఏప్రిల్ ఎండలో కరెంటు పోయి పంపు ఆగితే కాసేపటికే మొక్కలు వడలిపోతాయి. తెప్పల పద్ధతిలో మొక్కలు లోతైన ద్రావణంపై తేలుతూ పెరుగుతాయి గనుక కరెంటు కోతను కొంతసేపు తట్టుకుంటాయి. దానికి ప్రాణవాయువే సమస్య: 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల వద్ద అది 7.5కు పడిపోతుంది, ఆ వేడిలో వేరుకుళ్లు కూడా త్వరగా సోకుతుంది. అందువల్ల ట్యాంకును నేలలోకి దింపి, గాలి పంపుకు బ్యాటరీ పెట్టుకుంటే లెట్యూస్‌కు నేను దీనికే ఓటు వేస్తాను. వేర్లను గాలిలో వేలాడదీసి ద్రావణాన్ని తుంపరగా చల్లే ఏరోపోనిక్స్ జోలికి వెళ్లవద్దు, మన కఠిన జలానికి నాజిళ్లు పూడుకుపోతాయి.

కీరాకు కొబ్బరి పొట్టు సంచుల్లో డ్రిప్ మేలు. ఇందులో ఇచ్చిన ద్రావణంలో 20 నుంచి 30 శాతం కింద కారిపోయేటట్లు ఇవ్వాలి, లేకపోతే పొట్టులో లవణాలు పేరుకుంటాయి. పారబోస్తే ఎరువు నష్టం, శుద్ధి చేయకుండా తిరిగి వాడితే ఒక మొక్క తెగులు అన్నిటికీ పాకుతుంది. ఆ నీటిని బయట జామ తోటకు మళ్లించడమే నాకు తోచిన మార్గం.

అసలు తేడా పద్ధతి కన్నా బోరు నీటిలో ఎక్కువ ఉంటుంది. సోడియం, క్లోరైడ్‌లను మొక్క దాదాపు తీసుకోదు. ద్రావణం తిరిగే కొద్దీ అవి పేరుకుంటాయి. అప్పుడు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని విద్యుత్ వాహకతను బట్టి చూపే ఈసీ మీటరు సరైన అంకెనే చూపిస్తుంది గానీ అందులో ఎరువెంతో ఉప్పెంతో చెప్పదు, చివరకు ట్యాంకు మొత్తం పారబోయవలసి వస్తుంది. నీటిలోని లవణాలను వడకట్టే ఆర్‌ఓ యంత్రం పెడితే అది వదిలే నీటిని, వేసవిలో కూలింగ్ ప్యాడ్లు తాగే నీటిని కూడా కిలో లెక్కలో కలపాలి. ఇంతకన్నా వాన నీరు నయం. అర ఎకరం కప్పు సుమారు 2,000 చదరపు మీటర్లు, అంటే ఒక మిల్లీమీటరు వానకు 2,000 లీటర్లు. గట్టర్లు, షీటు పరచిన కుంట ఉంటే బోరు నీటిలో కలిపి వాడుకోవచ్చు.

ఎరువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉన్న చిక్కటి ద్రావణపు ట్యాంకులో కలపవద్దు, గడ్డకట్టి అడుగున చేరుతుంది. పీహెచ్ 5.5, 6.5 మధ్య ఉంచాలి, అంతకు మించితే ఇనుము ఉన్నా మొక్కకు సరిగా అందదు.

ఎవరికైనా అడ్వాన్సు ఇచ్చే ముందు బోరు నీటిని ల్యాబులో పరీక్ష చేయించు. సోడియం, క్లోరైడ్, బైకార్బనేట్ అంకెలున్న రిపోర్టు నాకు పంపితే ట్యాంకు సైజు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య