మ్యాప్ చేతిలో ఉన్నా బయటికెళ్తే దారి తప్పుతున్నాను, ఎక్కడ తేడా కొడుతోంది?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: ఎన్‌సీసీ సీ సర్టిఫికేట్‌కి ప్రిపేర్ అవుతున్నావు, క్లాసులో గ్రిడ్ రిఫరెన్స్, అంటే మ్యాప్ మీది గడుల అంకెలతో చోటు చెప్పే లెక్కలన్నీ కరెక్టుగానే చేస్తున్నావు, క్యాంపులో బయట వదిలేస్తే మాత్రం ఎక్కడున్నావో తెలియట్లేదు, అయినా ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఇదంతా ఇప్పుడెందుకు అని. మాది కంభం దగ్గర పల్లె, ఇన్‌ఫాంట్రీలో 17 ఏళ్ళు చేసి వచ్చాను, అందులో చాలా ఏళ్ళు సెక్షన్‌ని, అంటే జవాన్ల చిన్న జట్టుని, రాత్రిపూట నడిపించే పని నాదే. నాకు తెలిసింది చెప్తా.

క్లాసులో నువ్వు కాగితం మీద ఉన్నదాన్ని కాగితం మీదే వెతుకుతున్నావు, అందుకే దొరుకుతోంది. బయట పని వేరు. నడుస్తూ నడుస్తూ ఎదురుగా కనపడిందల్లా చూసి ఇది మ్యాప్‌లో ఏది అని అడగాలి, అది మ్యాప్‌లో లేకపోతే లేదని ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోవడమే కష్టం. దీన్ని నేను ఒక రాత్రి ఎడారిలో నేర్చుకున్నాను, అది తర్వాత చెప్తా, ముందు బేసిక్స్.

మనం వాడేది సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపో షీట్, అంటే నేల ఎత్తుపల్లాలు కూడా చూపించే మ్యాప్, 1:50,000 స్కేలు. అంటే షీట్ మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. షీట్ నంబర్ చూసి భయపడొద్దు, దానికో పద్ధతి ఉంది: దేశాన్ని 4 డిగ్రీల పెద్ద గడులు చేసి నంబర్లిచ్చారు, ఒక్కో గడిని 16 ముక్కలు చేసి ఏ నుంచి పీ దాకా అక్షరాలిచ్చారు, ఆ ఒక డిగ్రీ ముక్కని మళ్ళీ 16 చేస్తే నీ చేతిలో ఉన్న షీట్. హైదరాబాద్ 56 కె లో ఉంటుంది, చార్మినార్ 56 కె/7 లో పడుతుంది. షీట్ తెరవగానే ముందు మార్జిన్ చదువు. ఏ సంవత్సరం సర్వే, కాంటూర్ ఇంటర్వెల్ (ఎత్తు చూపించే గీతల మధ్య తేడా) ఎంత, మాగ్నెటిక్ నార్త్ (కంపాస్ ముల్లు చూపించే ఉత్తరం) ఎటు ఎంత జరిగింది, ఇవన్నీ అక్కడే ఉంటాయి, మనోళ్ళు సగం మంది అది చూడకుండానే మధ్యలోకి దూకుతారు. రంగుల్లో ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో: నీలం అంటే నీళ్ళు, కానీ ఎండిపోయి ఉండే వాగులూ వంకలూ నలుపులో గీస్తారు. మన రాయలసీమ, ప్రకాశం వైపు షీట్లలో వంకలు చాలావరకు నల్లగానే కనపడతాయి, కొత్తోళ్ళు వాటిని దారులనుకుంటారు.

గ్రిడ్ రిఫరెన్స్‌లో ముందు ఈస్టింగ్, తర్వాత నార్తింగ్, అంటే ముందు కుడికి తర్వాత పైకి. ఇది నీకు వచ్చనుకో, కానీ ఈ కాలం పిల్లలు చేసే తప్పు ఒకటుంది: ఫోన్‌లో అక్షాంశం ముందు చూపిస్తుంది, అంటే ఉత్తరం ముందు తూర్పు తర్వాత, సరిగ్గా గ్రిడ్‌కి రివర్స్. ఆ అలవాటుతో రిఫరెన్స్ తిరగేసి చెప్పేస్తారు. 4 అంకెలు చెప్తే 1 కిలోమీటర్ గడి, 6 అంకెలు చెప్తే 100 మీటర్ల గడి, ఆ 100 మీటర్ల లోపల ఎక్కడైనా ఉండొచ్చు అని కూడా గుర్తుండాలి.

కాంటూర్లు అర్థం కాకపోతే మిగతాదంతా వేస్టే, ఇక్కడ టైం పెట్టు. నాకు ట్రైనింగ్‌లో ఎంత చెప్పినా ఎక్కలేదు, సెలవుకి ఇంటికొచ్చినప్పుడు మా కంభం చెరువు చూస్తే ఎక్కింది. వేసవిలో చెరువు తగ్గేకొద్దీ ఒడ్డు చుట్టూతా నీటి గీతలు మిగులుతాయి కదా, ఒకదాని కింద ఒకటి, ప్రతి గీతా ఒకే ఎత్తులో గుట్టల మడతల్లోకి దూరి మళ్ళీ బయటికొస్తూ పోతుంది. అదే కాంటూర్. ఒడ్డు నిటారుగా ఉన్నచోట గీతలు దగ్గర దగ్గరగా, పల్లంగా జారినచోట దూరం దూరంగా. మన 1:50,000 షీట్లలో మామూలుగా ఒక గీతకీ ఇంకో గీతకీ 20 మీటర్ల ఎత్తు తేడా. అంటే రెండు గీతల మధ్య 15 మీటర్ల దిబ్బ ఉన్నా మ్యాప్ నీకు చూపించదు, తమ్ముడూ, అది నీ ముందుకొచ్చి నిలబడినప్పుడు కంగారు పడొద్దు.

అందరూ తికమక పడేది స్పర్, రీఎంట్రెంట్ దగ్గర, అంటే కొండ ముక్కులా బయటికొచ్చినదీ, కొండ లోపలికి మడత పడినదీ. రెండూ కాంటూర్‌లో వంపులాగే కనపడతాయి. వంపు మొన ఎత్తు వైపు చూస్తుంటే అది నీళ్ళు పారే మడత, మొన పల్లం వైపు చూస్తుంటే కొండ ముక్కు. అనుమానం వస్తే వాగు గీత ఉందేమో చూడు, వాగు ముక్కు మీద పారదు కదా. ఒకసారి కొండల్లో ఒక పార్టీ పక్క ముక్కు ఎక్కేసి పైకి పోయాక కానీ తెలుసుకోలేదు, కిందికి దిగి మళ్ళీ ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. ఇంకోటి, మ్యాప్ మీద కొలిచిన దూరం అడ్డంగా కొలిచినట్టే, ఎక్కడం దిగడం అందులో లేదు. నైస్మిత్ అనే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు, 5 కిలోమీటర్లకి ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. బరువు మోసేవాడికి అది కూడా తక్కువే, కానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

ఉత్తరాలు మూడు. అసలు ఉత్తరం, గ్రిడ్ గీతలు చూపించే ఉత్తరం, కంపాస్ ముల్లు చూపించే ఉత్తరం. మన దేశంలో చాలా చోట్ల వీటి మధ్య తేడా చిన్నదే కాబట్టి జనం వదిలేస్తారు, నువ్వు వదలకు. మార్జిన్‌లో ఉన్న బొమ్మ చూసి, మాగ్నెటిక్ నార్త్ గ్రిడ్ నార్త్‌కి తూర్పున 2 డిగ్రీలు ఉంటే మ్యాప్ మీద 40 వచ్చిన బేరింగ్ (ఉత్తరం నుంచి కుడివైపుకి డిగ్రీల్లో కొలిచిన దిక్కు) కంపాస్ మీద 38, పడమర ఉంటే 42. సూత్రం బట్టీ పట్టకుండా ఆ బొమ్మ చేత్తో గీసుకో, ఎప్పుడూ తప్పదు. ఒక్క డిగ్రీ తేడా పడితే కిలోమీటరుకి సుమారు 17 మీటర్లు పక్కకి పోతావు, అది పెద్ద విషయం కాదు, కానీ చేతిలో రైఫిల్ పెట్టుకుని, జేబులో ఫోనూ పవర్ బ్యాంకూ పెట్టుకుని కంపాస్ చదివితే 6 డిగ్రీలు కూడా కొట్టొచ్చు, అప్పుడు 2 కిలోమీటర్లకి 200 మీటర్ల పైనే అవుతుంది. రైఫిల్ పక్కవాడికిచ్చి నాలుగడుగులు అవతలికెళ్ళి చదువు, హైటెన్షన్ వైర్ల కింద అసలు చదవకు.

ఎక్కడున్నావో తెలియనప్పుడు, మ్యాప్‌లో ఉన్నవే రెండు మూడు దూరంగా కనపడితే, గుట్ట శిఖరం, గుడి, వాటర్ ట్యాంక్ ఏదైనా సరే, ఒక్కోదానికి కంపాస్ బేరింగ్ తీసి, గ్రిడ్‌కి మార్చి, 180 కలిపో తీసేసో బ్యాక్ బేరింగ్ (దాని నుంచి నీ వైపు దిక్కు) చేసి వాటి దగ్గర్నుంచి గీతలు గీస్తే కలిసేచోట నువ్వున్నట్టు. దాన్నే రీసెక్షన్ అంటారు. మూడు గీతలైతే చిన్న త్రికోణం పడుతుంది, త్రికోణం పెద్దగా వచ్చిందంటే ఏదో ఒక వస్తువుని తప్పు గుర్తుపట్టావనో, బేరింగ్ తప్పు తీశావనో అర్థం.

ఇక ఆ రాత్రి సంగతి. రాజస్థాన్‌లో బికనీర్ అవతల, జనవరి, చలికి కంపాస్ పట్టుకున్న వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. నేను అప్పుడు లాన్స్ నాయక్‌ని, అంటే సిపాయికి పై ర్యాంకు, గైడ్‌గా నాకది మొదటి నైట్ మార్చ్. నాలుగు లెగ్గులు, అంటే ఒక్కో దిక్కున నడిచే నాలుగు ముక్కలు, మొత్తం 5 కిలోమీటర్ల పైచిలుకు, చివర్లో ఒక బావి దగ్గరికి చేరాలి. మూడో లెగ్ 40 డిగ్రీల మీద 1400 మీటర్లు, అక్కడ ఒక కచ్చా దారి తగులుతుంది, దారి దగ్గర తిరిగి 110 మీద 1100 మీటర్లు వెళ్తే బావి. అడుగులు లెక్కపెట్టే పేసర్ శ్రీకాకుళం కుర్రాడు, కొత్తగా వచ్చాడు. ఇసుకలో అడుగు కురచ అవుతుంది కాబట్టి పగలే కొలుచుకుని 100 మీటర్లకి 130 అడుగులు అని పెట్టుకున్నాడు, ప్రతి 100 మీటర్లకీ ఎడమ జేబులోంచి ఒక గులకరాయి తీసి కుడి జేబులో వేస్తున్నాడు. లెగ్ మొదట్లో ఎన్ని వందల మీటర్లో అన్ని రాళ్ళు ఎడమ జేబులో ఉండేట్టు చూసుకునేవాడు. మా పై అధికారి సూబేదార్ సాబ్ మా వెనకే వస్తున్నారు, మాట లేదు.

నేను బేరింగ్ మీద ఎదురుగా కిందికి ఉన్న ఒక చుక్కని పట్టుకుని నడుస్తున్నాను. చుక్కలు గంటకి 15 డిగ్రీలు జరుగుతాయి కాబట్టి పావుగంటకోసారి కంపాస్ చూసి కొత్త చుక్క పట్టుకోవాలి, ధ్రువ నక్షత్రం ఒక్కటే కదలదన్నట్టు ఉంటుంది. మా నాయనమ్మ మంచం కోళ్ళు అని చూపించిన సప్తర్షి చుక్కల్లోంచి గీత లాగితే అది దొరుకుతుంది, మన ఊళ్ళో కన్నా అక్కడ ఇంకా పైకి కనపడుతుంది, ఎందుకంటే ఏ అక్షాంశం మీద నిలబడితే సుమారు అన్ని డిగ్రీల ఎత్తులో ఉంటుంది అది. అదంతా కరెక్టుగానే చేశాను.

అంతలో కాళ్ళ కింద దారి తగిలింది. చక్రాల గుర్తులు, గట్టిపడిన ఇసుక. నాకు ప్రాణం లేచొచ్చింది. వచ్చేశాం, ఇదే దారి, తిరగండి అన్నాను. వెనక నుంచి కుర్రాడు మెల్లగా, "అన్నా, లెక్క ఇంకా అవ్వలేదన్నా" అన్నాడు. చీకట్లో ఇసుకలో అడుగులు అటూ ఇటూ అవుతాయిలేరా, దారి కనపడుతోంది కదా అన్నాను. మ్యాప్‌లో దారి దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంది, ఇది చూస్తే వాయవ్యం వైపు వాలి ఉంది, కంపాస్ పెట్టి చూశాను కూడా, 20 డిగ్రీల తేడా వచ్చింది. చూసి ఏమనుకున్నానో తెలుసా, ఇసుకలో దారి ఇక్కడ కొంచెం వంకర తిరిగి ఉంటుంది అనుకున్నాను. లెక్క కలవలేదు, దిక్కు కలవలేదు, రెంటికీ నేనే సాకు వెతికి పెట్టాను, ఎందుకంటే అది మ్యాప్‌లో దారే అయి ఉండాలని మనసులో ముందే అనేసుకున్నాను.

110 మీద 1100 మీటర్లు నడిచాం. బావి లేదు. దిబ్బ ఎక్కి చూశాం, దిగి చూశాం, అటు వంద ఇటు వంద తిరిగాం, అలా తిరిగితే ఉన్న లెక్క కూడా పోతుందని అప్పుడు తట్టలేదు. 12 మంది నా వెనక చలిలో నిలబడి ఉన్నారు, ఎవరూ ఏమీ అనట్లేదు, అదే ఎక్కువ బాధ. అప్పుడు సూబేదార్ సాబ్ నా భుజం మీద చెయ్యేసి ఆగమన్నారు, అందర్నీ లెగ్ ఆగిన చోటికి మా అడుగుల గుర్తుల మీదే వెనక్కి తెచ్చి కూర్చోబెట్టారు. నాతో ఒక్క మాటే అన్నారు, "పేసర్ సే పూఛో," పేసర్‌ని అడుగు అని.

అడిగాను. వాడు నాలుగో లెగ్ మొదలయ్యేటప్పుడు మిగిలిన రాళ్ళని పారేయకుండా చొక్కా పై జేబులో విడిగా వేసుకున్నాడంట. తీసి అరచేతిలో పెట్టి టార్చికి చెయ్యి అడ్డం పెట్టి చూపించాడు. 5 రాళ్ళు. అంటే మూడో లెగ్‌లో మేం 900 మీటర్లే నడిచాం, ఆ దారి మ్యాప్‌లోది కాదు, ఆ ఎక్సర్‌సైజ్‌కి తిరిగిన బండ్లు వేసిన కొత్త జాడ. ఎక్కడ తప్పామో, ఎంత తప్పామో తెలిసింది, ఇక దారికి వెనక్కి పోనక్కర్లేదు కూడా, తక్కువ నడిచిన 500 మీటర్లు అదే 40 డిగ్రీల మీద ఇక్కణ్ణుంచి నడిచినా అదే బావి. కాగితం మీద గీసి చూడు, నీకే తెలుస్తుంది. కుర్రాడు రాళ్ళు ఎడమ జేబులో వేసుకున్నాడు, 650 అడుగులు, నాలుగో రాయి మారిన కాసేపటికి చీకట్లో బావి స్తంభాలు కనపడ్డాయి.

ఫోన్ సంగతి. ఫోన్ వాడుకో, నేను కూడా ఇప్పుడు పొలానికి కొత్త దారిలో పోవాలంటే ఫోనే చూస్తాను. కానీ యుద్ధంలో ముందు పోయేది సిగ్నలే, యుక్రెయిన్ యుద్ధంలో రెండు వైపులా జీపీఎస్ జామ్ చేస్తూనే ఉన్నారు. అదొక్కటే కారణం కూడా కాదు. ఫోన్‌లో నీలం చుక్క నువ్వెక్కడున్నావో చెప్తుంది, ఆ గుట్ట అవతల మడతలో పది మంది కనపడకుండా కూర్చోవచ్చా, నీళ్ళు ఎటు నుంచి వస్తాయి, ఏ దారిలో వెళ్తే ఆకాశం ముందు నీ ఆకారం కనపడదు, ఇవి కాంటూర్ చదివినవాడికే తెలుస్తాయి.

ప్రాక్టీస్‌కి డిఫెన్స్ షీట్లు, అంటే సైన్యం కోసం వేసినవి, అక్కర్లేదు, అవి బయట ఎవర్నీ అడగొద్దు కూడా. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు 2017లో నక్షే అనే పోర్టల్ పెట్టి ఓపెన్ సిరీస్ షీట్లు, అంటే జనం వాడుకోవడానికి వేసినవి, ఫ్రీగా ఇవ్వడం మొదలుపెట్టారు, మీ ఊరి షీట్ తీసుకో. టేపుతో 100 మీటర్లు కొలిచి రోడ్డు మీద ఎన్ని అడుగులు, దుక్కి చేసిన చేలో ఎన్ని, గుట్ట ఎక్కుతూ ఎన్ని, మూడూ విడివిడిగా రాసుకో. తర్వాత షీట్ మీద ఊరి గుడి నుంచి చెరువు కట్ట దాకా బేరింగ్ తీసి, దూరం కొలిచి, ఎన్ని వందల మీటర్లో అన్ని రాళ్ళు ఎడమ జేబులో వేసుకుని పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఫ్రెండ్‌ని తోడు తీసుకుని ఒకసారి నడువు. మధ్యలో మ్యాప్‌లో లేని దారి ఒకటైనా తగులుతుంది. అక్కడ ఆగి, జేబులో ఎన్ని రాళ్ళున్నాయో ముందు లెక్కపెట్టు.