కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన కొడితే తాగొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో చిన్న పట్నం. వానలు పడ్డాక కుళాయి నీళ్లు ఒకరోజు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి, ఇంకోరోజు వాసన లేకుండా బురదగా వస్తున్నాయి. మనవలిద్దరికీ విరేచనాలు పట్టుకున్నాయి. కోడలికి ఏడో నెల. టెన్షన్‌తో 20 లీటర్ల టిన్ను నీళ్లు కొంటున్నాం. అవి మంచివేనా డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, బ్లీచింగ్ వాసనకు భయపడకండి. కుళాయి దగ్గరికొచ్చేసరికి లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన దేశ ప్రమాణమే చెబుతోంది. ఆపాటి క్లోరిన్ కోడలికీ, కడుపులో బిడ్డకీ హాని చేయదు.

నాకు భయం వాసన లేని ఆ బురద నీళ్లతోనే. సరఫరా ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కన మురుగు కాలువ ఉండి పైపు ఎక్కడైనా పగిలితే ఆ మురుగు లోపలికి చేరుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది. మీ వీధిలో ఎవరైనా అలా చేస్తుంటే దయచేసి మాన్పించండి. 2024 అక్టోబరులో మన జిల్లాలోని గుర్లలో అతిసారం ప్రాణాలే తీసింది. వార్డు సచివాలయంలో ఈరోజే ఫిర్యాదు రాసివ్వండి. ట్యాంకు దగ్గర కాకుండా మీ కుళాయి దగ్గరే క్లోరిన్ చూడమని, శాంపిల్ ల్యాబ్‌కు పంపమని గట్టిగా అడగండి.

ఇక టిన్ను నీళ్లు. ఆర్‌ఓ ప్లాంటులో క్లోరిన్ పోతుంది. ఆ తర్వాత టిన్ను సరిగ్గా కడగకపోయినా, చెయ్యి తగిలినా క్రిములను ఆపేది ఉండదు. అందుకే ఏ నీళ్లయినా ఇప్పుడు కాచే తాగండి. బురదగా ఉంటే తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి, కళపెళా మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచండి. మూత పెట్టండి, గ్లాసు ముంచకండి.

కోడలి విషయంలో అశ్రద్ధ వద్దు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు నెలలు నిండుతున్న గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్లలకు పథ్యమని అన్నం మానిపించకండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని కాచిన నీళ్లలోనే కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. జింకు బిళ్లలు డాక్టరు చెప్పిన మోతాదులో విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. మలంలో రక్తం, కళ్లు లోపలికి పోవడం, మగత, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా బయల్దేరండి.