సందేహాలు – సమాధానాలు: ఆదివారం సేవా, ఆరాధనా, కూడికా?

సందేహం: మా కోడలు అమెరికన్. మసాచుసెట్స్‌లో ఉన్న ఆమె పుట్టింటివారు ఒక యూనిటేరియన్ సంఘానికి వెళ్తారు. అక్కడ ముందు ముందు జరగబోయే సండే సర్వీసుల కాగితాన్ని మన బంధువుల కోసం తెలుగులో రాసిపెట్టమని మా వియ్యపురాలు అడిగారు. 'రాబోవు ఆదివార సేవలు' అని మొదలుపెట్టాను. గుంటూరులో ఉన్న మా అన్నయ్య అది చదివి, ఏ దేవస్థానం సేవల పట్టిక ఇది అని అడిగాడు. 'ఆరాధనలు' అంటే సరిపోతుందా? 'వచ్చే ఆదివారం' అంటే ఏ ఆదివారం? అందులో ఉన్న ఫ్లవర్ కమ్యూనియన్, వాటర్ కమ్యూనియన్‌లను ఏమనాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ అన్నగారికి వచ్చిన అనుమానం సహజమే. 'సేవ' తెలుగులో రెండు అర్థాల్లో బాగా నాటుకుపోయింది. ఒకటి గుడిలో దేవుడికి జరిగేది: సుప్రభాత సేవ, తోమాల సేవ, ఏకాంత సేవ. రెండోది పరోపకారం. 'ఆదివారం సేవ' అని చదివినవారు టికెట్టు కొనాలేమో అనుకుంటారు, లేదా ఆ రోజు పేదలకు అన్నం పెట్టే కార్యక్రమం ఉందనుకుంటారు. యూనిటేరియన్లు అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వాన్ని కాదని, దేవుడు ఒక్కడే అన్న క్రైస్తవ శాఖగా మొదలైనవారు. వారి చరిత్రలో ఈ రెండో అర్థానికి సరిగ్గా సరిపోయే సర్వీసు ఒకటి ఉంది. నాజీల నుంచి పారిపోయి వస్తున్నవారిని ఆదుకోవడానికి 1940లో వారు యూనిటేరియన్ సర్వీస్ కమిటీని పెట్టారు. దాన్ని నిస్సందేహంగా 'సేవా సంఘం' అనవచ్చు. 1941లో ఆ కమిటీ కోసం హాన్స్ డాయిచ్ అనే ఆస్ట్రియా కాందిశీకుడు మంట వెలుగుతున్న పాత్ర బొమ్మ గీశాడు. అదే తర్వాత వారి గుర్తు అయింది. ఇప్పుడు ఆదివారం కార్యక్రమం మొదట్లో అలాంటి పాత్రలో దీపం వెలిగిస్తారు. మీ కాగితంలో ఆ అంశానికి 'దీపం వెలిగించడం' అని రాస్తే చాలు. 'జ్యోతి ప్రజ్వలన' అంటే సభావేదికా ముఖ్య అతిథీ గుర్తుకొస్తారు.

ఇక 'ఆరాధన'. మన ప్రొటెస్టెంటు చర్చిల్లో ఇది స్థిరపడిన మాట. 'ఆరాధన ఎన్నింటికి?' అని అడిగితే అందరికీ అర్థమవుతుంది. మీ వియ్యాలవారు రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలోనో, మేఘాలయలోని ఖాసీ కొండల్లోనో ఉండి ఉంటే నేనూ ఆ మాటే వాడమనేవాడిని. 1887లో హాజోం కిస్సోర్ సింగ్ మొదలుపెట్టిన ఖాసీ యూనిటేరియన్ సంఘం త్రిత్వాన్ని కాదని ఒకే దేవుణ్ణి కొలుస్తుంది. అమెరికాలో దారి వేరు. అక్కడ యూనిటేరియన్లు 1961లో, చివరికి అందరికీ రక్షణ దొరుకుతుందనే యూనివర్సలిస్టులతో కలిసిపోయారు. ఇదే నమ్మాలన్న నియమం వారికి లేదు. దేవుణ్ణి నమ్మేవారు, నమ్మనివారు, బౌద్ధాన్ని ఇష్టపడేవారు పక్కపక్కనే కూర్చుంటారు. 'ఆరాధించు' సకర్మక క్రియ. ఆ మాట వినగానే 'ఎవరిని?' అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు ఎవరి జవాబు వారికే వదిలేసిన సంఘం అది. 'ప్రార్థన'తోనూ ఇదే చిక్కు. యూనిటేరియన్లకు 'ఏకేశ్వరవాదులు' అన్న అనువాదం కూడా వద్దు. ముస్లింలూ ఏకేశ్వరవాదులే, త్రిత్వాన్ని నమ్మే క్రైస్తవులూ తమను అలాగే చెప్పుకుంటారు. 'యూనిటేరియన్' అనే ఉంచండి.

ఇలాంటి మాటల వెతుకులాట మనవాళ్లకు కొత్త కాదు. విగ్రహం లేకుండా ఒక చోట చేరి దేవుణ్ణి తలచుకునే పద్ధతికి బ్రహ్మసమాజంవారు 'ఉపాసన' అన్న పేరు వాడారు. వీరేశలింగం పంతులుగారు 1878లో రాజమండ్రిలో స్థాపించింది ప్రార్థన సమాజం. బ్రహ్మసమాజానికీ యూనిటేరియన్లకూ మొదటి నుంచి చుట్టరికం ఉంది. రామమోహన్ రాయ్, స్కాట్లండ్ నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్ కలిసి 1821లో కలకత్తాలో యూనిటేరియన్ కమిటీ పెట్టారు. అంతకుముందు సువార్తలను బెంగాలీలోకి తెస్తున్నప్పుడు, సమస్తమూ క్రీస్తు 'చేత' కలిగిందా, ఆయన 'ద్వారా' కలిగిందా అన్న చర్చ వారి మధ్య వచ్చింది. గ్రీకు మూలంలోని చిన్న పదం ఒకదాన్ని పట్టుకుని తర్కించీ తర్కించీ చివరికి ఆడమ్ త్రిత్వాన్నే వదులుకున్నాడు. తెలుగు బైబిలు అక్కడ 'ఆయన మూలముగా' అంటుంది. ఒక్క విభక్తి మనిషి విశ్వాసాన్ని మార్చగలదని ఇంత స్పష్టంగా చూపే సంఘటన నాకు మరొకటి తెలియదు. అందుకే మీ ప్రశ్నను చిన్నదిగా చూడలేకపోయాను.

'ఉపాసన' అంటే దగ్గర కూర్చోవడం. అర్థం అందమైనదే కానీ ఈనాటి పాఠకుడికి మంత్రోపాసన, దేవీ ఉపాసన తలపుకొస్తాయి. 'సమావేశం' అంటే కార్యదర్శి నివేదిక చదివే సభలా ఉంటుంది. నా ఓటు 'కూడిక'కు. తెలుగు క్రైస్తవులు ప్రార్థన కూడిక, స్త్రీల కూడిక అని రోజూ అనేదే. 'కూడు' అకర్మక క్రియ కాబట్టి ఎవరిని అన్న ప్రశ్న రాదు, మనుషులు ఒక చోట చేరారన్నంత వరకే చెబుతుంది. పైగా అచ్చతెలుగు. 'ఆదివారం కూడిక', 'ఆదివారపు కూడిక' రెండూ ఒప్పే. మొదటిది నోటికి దగ్గర.

కమ్యూనియన్ సంగతి చూద్దాం. మామూలుగా చర్చిల్లో కమ్యూనియన్ అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం. 'పుష్ప ప్రభు భోజనం' లాంటిది దయచేసి రాయకండి. ఇక్కడ అవేవీ ఉండవు. 1923 జూన్‌లో ప్రాగ్‌లో యూనిటేరియన్ బోధకుడు నార్బర్ట్ చాపెక్ ఫ్లవర్ కమ్యూనియన్‌ను ఆరంభించాడు. ఒక్కొక్కరూ ఒక పువ్వు తెస్తారు, అన్నీ ఒక పాత్రలో చేరతాయి, వెళ్లేటప్పుడు మరొకరు తెచ్చిన పువ్వు తీసుకెళ్తారు. చాపెక్ 1942లో నాజీల చేతిలో చనిపోయాడు. 'పూల పండుగ' అందామంటే తెలంగాణవారికి అది బతుకమ్మ. దీనికి మన క్రైస్తవుల మాటల్లోనే ఒక చక్కని దారి ఉంది. ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారాన్ని వారు మట్టల ఆదివారం అంటారు. చేతిలో ఏది పట్టుకుంటారో అదే పేరైంది. ఆ వరుసలోనే 'పూల ఆదివారం' అనండి. ఒక్కొక్కరూ తెచ్చిన నీటిని ఒకే పాత్రలో కలిపే వాటర్ కమ్యూనియన్‌ను 'నీళ్ల ఆదివారం' అనండి. కింద ఒక వాక్యంలో ఏం జరుగుతుందో రాస్తే సరి.

'రాబోవు' గ్రాంథిక వాసన వేస్తోంది, 'రాబోయే' చాలు. 'వచ్చే ఆదివారం' మాత్రం నిజంగా ఇబ్బంది పెట్టేదే. మాట ప్రకారం రాబోతున్న మొదటి ఆదివారమే కావాలి. కానీ దాన్ని మనం 'ఈ ఆదివారం' అనేస్తాం కాబట్టి, బుధవారం నాడు 'వచ్చే ఆదివారం' అంటే కొందరు నాలుగో రోజు బయలుదేరతారు, కొందరు మరో వారం ఆగుతారు. ఇంట్లో అయితే మళ్లీ అడుగుతారు, కాగితాన్ని అడగలేరు. 'జూన్ 14, ఆదివారం ఉదయం పదిన్నరకు' అని తేదీతోనే రాయండి.

మీరు అడగని ఒక మాట కూడా: ఆ కాగితంలో 'మినిస్టర్' అని ఉంటుంది. అలాగే వదిలేస్తే మన బంధువులు మంత్రిగారు వస్తున్నారనుకుంటారు. 'దైవసేవకురాలు' అంటే మళ్లీ దేవుడి ప్రసక్తి వస్తుంది. 'సంఘ బోధకురాలు' అనండి, ఆమె చెప్పేదాన్ని 'ప్రసంగం' అనండి.